నల్లరేగడి నేలల్లో ఆరబోత కల్లాలు: గచ్చు కింద నేల తయారీ

పంట ఆరబోతకు వేసిన సిమెంటు కల్లం రెండు మూడు వానకాలాలు గడవకముందే నడుమ ఉబ్బి, అంచుల వెంబడి పగిలిపోవడం కడప, నంద్యాల జిల్లాల రేగడి గ్రామాల్లో తరచుగా కనిపిస్తుంది. సిమెంటు తక్కువ పడిందని రైతు అంటాడు. ఇసుక మంచిది కాదని మేస్త్రీ అంటాడు. అయితే చాలా సందర్భాల్లో లోపం గచ్చులో కాక, దాని కింది నేలలోని నీటిలో ఉంటుంది. నేలకు, నీటికి గల సంబంధాన్ని తరగతిలో నిత్యం బోధించే మనం ఈ పనిని పూర్తిగా ఇంజినీర్లకే వదిలివేయడం సరికాదని నా అభిప్రాయం.

పగిలిన కల్లం వల్ల కలిగే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. మైదుకూరు ప్రాంతంలో ఉడికించిన పసుపు కొమ్ములను 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పరచి, 10 నుంచి 15 రోజులు ఆరబెట్టి, తేమను సుమారు 10 శాతానికి తీసుకురావాలి. వేరుశనగ కాయలోని తేమను 8 నుంచి 9 శాతానికి దించనిదే నిల్వ చేయరాదు. పగుళ్ల గుండా పైకి వచ్చే చెమ్మ, గుంతల్లో నిలిచే నీరు అడుగున ఉన్న కాయను మళ్లీ తడుపుతాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ చేరడానికి అది చాలు.

రేగడిలోని స్మెక్టైట్ జాతి బంకమట్టి తన పొరల మధ్యకు నీటిని తీసుకొని ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. ఇది అందరికీ తెలిసినదే. అంతగా గమనించనిది ఏమంటే, గచ్చు కూడా ఒక మల్చింగ్ వంటిదే. దాని కింద ఆవిరి నష్టం ఆగిపోతుంది. పక్క నేల నుంచి, లోతు పొరల నుంచి చేరిన తేమ నడిమి భాగంలో నిలిచిపోతుంది. అంచుల వద్ద మాత్రం నేల వేసవిలో ఎండుతూ, వానకు నానుతూ ఉంటుంది. నడుమ నిలకడగా ఉబ్బి, అంచు ఏటా లేచి పడుతుంటే నాలుగంగుళాల కాంక్రీటు ఆ ఒత్తిడికి తాళలేదు.

మన రైతులు కల్లం వేసే కాలం ఈ నష్టాన్ని పెంచుతోంది. పొలం ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే పని మొదలవుతుంది. అప్పటికి రేగడి ఏడాది మొత్తంలో అత్యంత ఎండిన స్థితిలో, లోతైన నెర్రెలతో ఉంటుంది. ఆ నేలపై వేసిన గచ్చుకు ఇక పైకి లేవడం తప్ప మరో దారి లేదు. సెప్టెంబరు, అక్టోబరు వానలతో ఆ లేవడం మొదలవుతుంది.

పూర్వం మట్టి కల్లానికి ఈ చిక్కు లేకపోయింది. ఏటా నేలను తడిపి, పశువులతో తొక్కించి, రాతిగుండు దొర్లించి, పేడతో అలికేవారు. నేల కదిలినా మరుసటి ఏడు కల్లాన్ని కొత్తగా చేసుకొనేవారు. శాశ్వతమైన గచ్చు వేసిన నాటి నుంచి ఆ వెసులుబాటు పోయింది.

ముందుగా నేలను పరీక్షించాలి. ఏ మట్టి ప్రయోగశాలలోనైనా స్వేచ్ఛా ఉబ్బుదల సూచికను సులభంగా తెలుసుకోవచ్చు. 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, ఓవెన్‌లో ఆరబెట్టిన మట్టిని పదేసి గ్రాములు రెండు 100 మిల్లీలీటర్ల కొలపాత్రల్లో వేసి, ఒకదానిలో స్వేదనజలం, మరొకదానిలో కిరోసిన్ పోసి 24 గంటలు ఉంచాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లు ఉన్న మట్టి నీటిలో 18 అయితే సూచిక 80 శాతం. 50 లోపు ఉంటే భయం తక్కువ. 100 దాటితే కింద వివరించిన పని తప్పనిసరి. రాయచోటి వైపు ఎర్ర ఇసుక నేలల్లో సాధారణంగా ఇంత శ్రమ అవసరం ఉండదు.

ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి 1970 దశకంలో చేసిన పరిశోధనలు ఇక్కడ దారి చూపుతాయి. ఉబ్బే నేలపై ఉబ్బని, కానీ జిగి గల మట్టిని తగిన మందాన అణచి వేస్తే కింది పొర ఉబ్బుదల చాలావరకు అదుపులో ఉంటుందని ఆయన చూపారు. కాలువల లైనింగుకు అటువంటి పొర మీటరు వరకు కూడా వేస్తారు. తేలికపాటి కల్లానికి రైతు అంత ఖర్చు భరించలేడు. 45 నుంచి 60 సెంటీమీటర్ల రేగడిని, గచ్చు అంచుకు మరో 60 సెంటీమీటర్లు వెలుపలి వరకు, తవ్వి తీయమని నేను సూచిస్తాను. గుంత అడుగును కొన్ని రోజుల పాటు నీటితో తడిపి, నెర్రెలు మూసుకొన్న తరువాత పదునుకు రానివ్వాలి. ఆపై కొండపాదాల ఎర్ర గరుసును 15 సెంటీమీటర్ల పొరలుగా వేసి, పిడికిట పట్టితే ముద్ద కట్టే తేమలో ఒక్కొక్క పొరను రోలరుతోనో దిమ్మిసతోనో గట్టిపరచాలి. గరుసును కూడా పై పరీక్షకు పెట్టాలి. చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 20 సెంటీమీటర్లు ఎత్తు వచ్చే వరకు నింపాలి. చెరువు మట్టి పొలానికి ఎంత మేలు చేసినా ఇక్కడ పనికిరాదు. అదీ బంకమట్టే.

ఇసుకతో నింపడం మన ప్రాంతంలో పాతుకుపోయిన పొరపాటు. నీరు ఇంకని రేగడి గుంతలో ఇసుక పోస్తే అది తొట్టిగా మారుతుంది. వాన నీరంతా అందులో చేరి, అడుగు బంకమట్టికి నెలల తరబడి అందుతుంది. అలా నింపిన ఒక కల్లం మూల రెండేళ్లలో బెత్తెడు పైకి లేవడం స్వయంగా చూశాను. ఆ అంచనాపై సలహా ఇచ్చిన వారిలో నేనూ ఒకడిని.

గరుసుపై 8 నుంచి 10 సెంటీమీటర్ల కంకర పరిస్తే చెమ్మ పైకి ఎగబాకడం ఆగుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల ముక్కలు ఇందుకు బాగా ఉపయోగపడతాయి. అయితే ఆ పొరకు పల్లపు వైపున నీరు బయటకు పోయే దారి ఉండాలి, లేకుంటే అదీ మరో తొట్టి అవుతుంది. దానిపై 250 మైక్రాన్ల పాలిథీన్ షీటు, ఆపైన గచ్చు. గచ్చుకు నూరు సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు వాలు చాలు.

గచ్చుకు కాంక్రీటా, కడప బండలా అని రైతులు అడుగుతారు. రేగడిలో నేను బండల వైపే మొగ్గుతాను. అతుకుల్లో కొంత ధూళి చేరినా, నేల కదిలినప్పుడు బండను లేపి, అడుగు సరిచేసి మళ్లీ పరచవచ్చు. కాంక్రీటే కావాలంటే 100 మిల్లీమీటర్ల మందానికి మూడు మీటర్లకు మించకుండా అతుకులు వదలాలి.

సున్నం కలపడం మరో మార్గం. మట్టి బరువులో 3 నుంచి 5 శాతం కాల్చిన సున్నం ఉబ్బుదలను బాగా తగ్గిస్తుంది. కానీ సల్ఫేటు లవణాలు గల చౌడు నేలల్లో సున్నం వాటితో చర్య జరిపి అదనంగా ఉబ్బించే ప్రమాదం ఉన్నందున, పరీక్ష లేకుండా దీనిని సిఫారసు చేయరాదు.

చివరగా స్థలం. నీడ కోసం కల్లాన్ని వేపచెట్టు పక్కనే వేయడం అలవాటు. చెట్టు వేర్లు వేసవిలో రేగడిని లోతు వరకు ఎండగడతాయి, ఆ వైపు గచ్చు కుంగుతుంది. చెట్టు ఎంత ఎత్తు ఉంటే కనీసం అంత దూరం పాటించాలి. కల్లం పక్కగా పంట కాలువ గానీ, పశువుల తొట్టి గానీ లేకుండా చూడాలి.