జావా నేర్చుకోనా, పైథాన్ నేర్చుకోనా?

సమస్య

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. నాన్నకు ఎకరన్నర సొంత పొలం, మరో రెండెకరాలు కౌలు. నేను ఈసీఈ చదివి 2024లో పాసయ్యాను. బ్యాక్‌లాగ్స్ లేవు గానీ క్యాంపస్ సెలెక్షన్లలో రాలేదు. అప్పటి నుంచి విజయవాడలో హాస్టల్లో ఉంటూ కోర్సులు నేర్చుకుంటున్నాను.

మొదట పైథాన్ మొదలుపెట్టాను. అందులో ఫ్రెషర్లను తీసుకోరని మా బావ అంటే జావాకి మారాను. అమీర్‌పేటలో ఉన్న స్నేహితురాలు డెవాప్స్ అయితే తొందరగా ఉద్యోగం వస్తుందంది. డల్లాస్‌లో ఉన్న సీనియర్ అన్నయ్య డేటా ఇంజినీరింగ్ అన్నాడు. ఏఐ వచ్చాక అసలు కోడింగ్ ఉద్యోగాలే ఉండవని ఇంకొందరు భయపెడుతున్నారు. నాలుగూ ముట్టుకున్నాను, ఏదీ సగం కూడా కాలేదు.

ఈ మధ్య ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండు లక్షలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ చూపించి ఉద్యోగం ఇప్పిస్తామన్నారు. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏది నేర్చుకుంటే నిలదొక్కుకుంటానో చెప్పండి.

– ఒక చదువరి, విజయవాడ

సలహా

అమ్మా, ముందు పొలం సంగతి. తాకట్టు వద్దని నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పు. లేని అనుభవం కాగితం మీద చూపించి చేరితే కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి. పీఎఫ్ యూఏఎన్ నంబరు చూస్తే ఎవరు ఎక్కడ, ఎప్పటి నుంచి పనిచేశారో తెలిసిపోతుంది. చేరిన ఆరు నెలలకు పట్టుబడినా ఉద్యోగం పోతుంది. అప్పు, వడ్డీ మాత్రం నాన్నగారి నెత్తిన మిగులుతాయి. జాబ్ గ్యారంటీ అంటూ ఫీజంతా ముందే అడిగేవాళ్లను, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమనేవాళ్లను కూడా నమ్మకు.

ఇక కోర్సు విషయం. నీకు సలహా ఇచ్చినవాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరు ఏ దారిలో వెళ్లారో ఆ దారే చూపించారు. 1990ల చివర వైటూకే పనికి, అంటే 2000 వచ్చినా కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే పనికి, మనుషులు కావలసి వచ్చినప్పుడు మన జిల్లాల పిల్లలు హైదరాబాదు బస్సెక్కి, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గదులు తీసుకుని కోబాల్ నేర్చుకున్నారు. అది 1959 నాటి భాష. 2000 దాటగానే ఆ పని తగ్గిపోయింది, ఆ వెంటనే మాంద్యం వచ్చింది. బ్యాంకు లెక్క కంప్యూటర్లో ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు ఆ తర్వాత జావాలోకి మారడం కష్టం కాలేదు. సింటాక్స్ బట్టీ పట్టి ఊరుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.

ఇప్పటికీ అదే జరుగుతోంది. గూగుల్ 2010లో తెచ్చిన యాంగ్యులర్‌జేఎస్ కోసం ఒకప్పుడు ఎగబడ్డారు. 2016లో దాన్ని పూర్తిగా తిరగరాశారు, 2021 ఆఖరుతో పాతదానికి సపోర్ట్ ఆపేశారు. నువ్వు కాలేజీలో చదివిన సీ మాత్రం 1972 నాటిది, ఇంకా ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన టేబుళ్ల పద్ధతి మీదే డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ ఇవాళ్టికీ నడుస్తోంది. పైథాన్ 1991లో, జావా 1995లో వచ్చాయి. ఫ్రేమ్‌వర్కులు మారుతూనే ఉంటాయి. వాటి అడుగున ఉన్నవి దశాబ్దాల తరబడి ఉంటాయి. కొత్తగా చేరేవాళ్లు ఆ అడుగు గట్టి చేసుకోవాలి.

నువ్వు జావా తీసుకో, దానితోపాటు ఎస్‌క్యూఎల్. బ్యాంకులకూ బీమా కంపెనీలకూ పనిచేసే సర్వీస్ కంపెనీల్లో జావా పని చాలా ఉంది. సీ వచ్చినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. డెవాప్స్, డేటా ఇంజినీరింగ్ కొంత పని అనుభవం వచ్చాక పట్టుకుంటే బాగా వంటబడతాయి. నీకు డేటా విశ్లేషణ మీద నిజంగా మనసుంటే పైథానూ మంచిదే. నా మాట ఒక్కదాని మీదే నిర్ణయించుకోకు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లోనూ, మన కేసరపల్లి హెచ్‌సీఎల్ లాంటి చోట్లా ఫ్రెషర్లకు ఇచ్చిన ప్రకటనలు ఓ 30 ముందేసుకుని, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి లెక్కపెట్టు. ఆ లెక్కతో నిర్ణయం తీసుకుని అక్కడితో వెతుకులాట ఆపెయ్.

నేర్చుకోవడానికి అప్పు అక్కర్లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ దేబాశిష్ సామంత చెప్పిన జావా పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు.

అయితే పాఠాలు వింటే చాలదు, ఒక్క ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా నువ్వే కట్టాలి. నాన్నగారి ధాన్యం లెక్కతోనే మొదలుపెట్టు, తర్వాత ఊళ్లో మిగతా రైతులవీ చేర్చు. రైతు పేరు, 75 కిలోల బస్తాలు ఎన్ని, తేమ శాతం, రావలసిన డబ్బు, కౌలు కింద ఇవ్వాల్సినది. ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఎవరి బస్తాలు ఎవరి ఖాతాలో పడాలి? ప్రతి రైతుకూ వేరే నంబరు ఇవ్వాలని అప్పుడు తెలుస్తుంది. అదే ప్రైమరీ కీ. తేమ 17 బదులు పొరపాటున 71 అని కొడితే ప్రోగ్రాం ఒప్పుకోకూడదు. బస్తాలు ఎక్కించాక, డబ్బు ఎక్కించేలోపు కరెంటు పోతే? రెండూ పడాలి, లేదా రెండూ పడకూడదు. అదే ట్రాన్సాక్షన్. రేపు నువ్వు ఏ భాషలోకి మారినా ఈ మూడూ నీతోనే వస్తాయి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే తడుముకోకుండా చెప్పగలవు, ఎందుకంటే అది నీ ఇంటి లెక్క.

ఏఐ సంగతి అంటావా, అది కోడ్ రాస్తుంది, నిజమే. ఆ కోడ్ ఇద్దరు సుబ్బారావులను ఒకరిగా కలిపేస్తే కనిపెట్టాల్సింది మనిషే. అందుకే మొదటి మూడు నెలలు ఏఐని అడగకుండా నీ చేత్తోనే రాయి. తర్వాత దాని సాయం తీసుకో, కానీ అది రాసిన ప్రతి వరుసా ఎందుకుందో చెప్పగలగాలి.

2024లో పాసయ్యావు కాబట్టి ఇప్పుడు నీకు అసలు నష్టం మాటిమాటికీ మొదటికి రావడమే. జావాకి బదులు పైథాన్ ఎంచుకున్నా అంత నష్టం ఉండదు. నాన్నగారిని డబ్బు అడక్కు, ఆరు నెలల గడువు అడుగు. ఎవరేం చెప్పినా ఈ ఆరు నెలలూ పట్టిన భాష వదలనని ఆయనకు మాటివ్వు.