మిర్రర్‌ను వదిలెయ్, డిస్కును చూడు

చిరంజీవి తమ్ముడికి,

మీ కాలేజీ ల్యాబులో పాత ఉబుంటూ మెషీన్ల మీద ఒక్కో ప్యాకేజీ ఎక్కడానికి పావుగంట పడుతోందని, మిర్రర్ మార్చినా లాభం లేకపోయిందని రాశావు. ఎవరినడిగినా ముందు మిర్రరే మార్చమంటారు, సులువైన పని కదా! నువ్వు మాత్రం ముందు తెర మీద వచ్చేది చదువు. డౌన్‌లోడ్ అయిపోగానే ఆప్ట్ ‘ఫెచ్డ్’ అంటూ ఒక వరుస చూపిస్తుంది: ఎన్ని ఎంబీలు, ఎంతసేపట్లో, ఏ వేగంతో. ఆ వరుస రావడమే ఆలస్యమైతే గొడవ నెట్‌వర్క్‌ది. అది వచ్చేశాక ‘అన్‌ప్యాకింగ్’, ‘సెట్టింగ్ అప్’ దగ్గర నత్తనడక నడుస్తుంటే మిర్రర్‌ను తిట్టి లాభం లేదు.

నెట్‌వర్క్‌దే అయితే పెద్ద చిక్కేమీ కాదు. సున్నా శాతం దగ్గర ‘కనెక్టింగ్’ అంటూ వేలాడుతుంటే ఐపీవీ6 దారి సరిగ్గా లేదేమో చూడు. ఆప్ట్‌కు ‘ఫోర్స్ ఐపీవీ4’ ఆప్షన్ ఇచ్చి నడిపితే తేలిపోతుంది.

మీవి హార్డ్‌డిస్కు మెషీన్లు కనక నా అనుమానమంతా రెండో దాని మీదే, అంటే ‘అన్‌ప్యాకింగ్’ దశ మీదే. ప్యాకేజీని విప్పి సర్దేది ఆప్ట్ కాదు, దాని కింద ఉన్న డీపీకేజీ. విప్పిన ఫైళ్లు నిజంగా డిస్కు మీద పడ్డాయని ఎఫ్‌సింక్‌తో ఖాయం చేసుకున్నాకే అది పాతవాటి స్థానంలో కొత్తవి పెడుతుంది. లేకపోతే ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లో, మధ్యలో కరెంటు పోయిందంటే సున్నా బైట్ల ఫైళ్లు మిగలొచ్చు. తిరిగే డిస్కుకు ఒక్కో ఎఫ్‌సింక్‌కూ కొన్ని మిల్లీసెకన్లు పడతాయి. కెర్నెల్ హెడర్లలోనేమో వేల కొద్దీ చిన్న ఫైళ్లు. లెక్క నువ్వే వేసుకో.

ఇన్‌స్టాల్ నడుస్తుండగా పక్క టెర్మినల్‌లో టాప్ తెరిచి, సీపీయూ వరుసలో ‘డబ్ల్యూ ఏ’ అంకె చూడు. అది బాగా పెరిగితే ప్రాసెసర్ డిస్కు కోసం కాచుకుని కూర్చుందన్నమాట. అప్పుడు డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ నడిపి చూడు. పెండింగ్ సెక్టార్ల లెక్క సున్నా కాకపోతే వెంటనే ఫైళ్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకో. ఆ డిస్కును ఇక నమ్మొద్దు.

డీపీకేజీ చేత ఆ ఎఫ్‌సింక్‌లను మానిపించే ‘ఫోర్స్ అన్‌సేఫ్ ఐఓ’ ఆప్షన్ పెడితే వేగం వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వస్తుంది, నిజమే. డాకర్ కోసం చేసిన ఉబుంటూ ఇమేజీల్లో అది ముందే పెట్టి ఉంటుంది, పాడైతే పారేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు కనక. కరెంటు చెప్పాపెట్టకుండా పోయే ల్యాబులో దాని జోలికి పోకు.

చివర్లో మ్యాన్‌డీబీ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ట్రిగ్గర్ల దగ్గర కాసేపు ఆగడం మామూలే. లాక్ కోసం ఆగిందంటే మాత్రం వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉండొచ్చు. దాన్ని పూర్తి కానివ్వు. లాక్ ఫైలు చెరిపేసే తెలివి చూపించావో, ప్యాకేజీల డేటాబేసే చెడిపోవచ్చు.

ఒక్క మెషీన్‌కైనా ఎస్‌ఎస్‌డీ వేయించి చూడమని మీ సారును అడుగు. ఈలోగా ‘ఫెచ్డ్’ వరుస, ‘డబ్ల్యూ ఏ’ అంకె రెండూ రాసి పంపు.

ఇట్లు,
మీ అక్క