దుడుకు కుక్క మెత్తబడితే సంతోషించకండి

పులివెందుల చీనీ తోటల్లోనైనా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెల్లోనైనా రైతుకు కుక్క సగం జీతగాడు. అడవిపంది వాసన తగిలితే అర్ధరాత్రి గొలుసు తెంచుకునే రకం, డ్రిప్పు పైపులు కొరికి తిట్లు తినే రకం. అలాంటిది ఒకరోజు మోటారు షెడ్డు నీడన పడుకుని, పిలిస్తే తోక మాత్రం ఆడిస్తుంటే 'పోనీలే, బుద్ధొచ్చింది' అనుకోకండి. దాని చిగుళ్లు చూడండి. (దవడ వేలాడేసి చొంగ కారుస్తున్నా, మింగలేకపోతున్నా మాత్రం నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు. అది పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. వెంటనే పశువైద్యునికి కబురు చేయండి.)

చిగుళ్లు పాలిపోవడం, పొట్ట కింద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం కారడం కనిపిస్తే పిడుదుల జ్వరాన్ని అనుమానించాలి. డాక్టర్లు దీన్ని ఎర్లీకియోసిస్ అంటారు. 1935లో అల్జీరియాలో గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు వందకు పైగా దీనికి బలయ్యాయి. పిడుదు కుట్టినప్పుడు రోగక్రిమి తెల్లరక్తకణాల్లో చేరుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం వస్తుంది, తర్వాత దానంతటదే తగ్గినట్టుంటుంది. నెలల తర్వాత ఎముకమజ్జ దెబ్బతిని మళ్లీ పడుకుంటే బతికించడం కష్టం. హుషారు కుక్కతో చిక్కే ఇది, లోపల జబ్బున్నా ఉరకడం మానదు.

దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. సాధారణంగా డాక్సీసైక్లిన్ మాత్రలు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు వాడిస్తారు. మోతాదు డాక్టరే నిర్ణయించాలి. తొలిదశలో అయితే రెండు మూడు రోజుల్లోనే కుక్క లేచి గంతులేస్తుంది. ఇక్కడే చాలామంది మాత్రలు ఆపేస్తారు. క్రిమి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, ఆపొద్దు.

ఆ నాలుగు వారాలూ కట్టేసే ఉంచాలి. కంపలో దూరినా, పందితో కలబడినా రక్తం ఆగదు. కట్టేస్తే మూలుగుతుంది, గొలుసు కొరుకుతుంది, మీ వైపు చూస్తుంది. ఆ చూపుకు కరిగి వదిలేస్తే చేజేతులా చంపుకున్నట్టే. తోటలో ఒంటరిగా కాకుండా ఇంటి వసారాలో, మనుషుల అలికిడి ఉండేచోట కట్టండి. పక్కన కూర్చుని కాసేపు మాట్లాడండి, పిచ్చిపని ఏమీ కాదు. ముద్ద ముట్టని కుక్క యజమాని చేత్తో పెడితే తింటుంది.

మాత్ర ఉత్త కడుపుతో వేయొద్దు, పాలతోనూ వద్దు. సంగటి ముద్దలో, ఉడికించిన గుడ్డులో పెట్టి మింగించి నీళ్లు తాగించండి. ఎర్రగడ్డలు వేసిన కూర పెట్టకండి, అసలే తక్కువున్న రక్తం ఇంకా తగ్గుతుంది. మనం ఒళ్లునొప్పులకు మింగే బిళ్లలు అసలే వద్దు. పిడుదులు చావాలని పైరుకు కొట్టే మందుతో కుక్కను కడిగేవారున్నారు. పిడుదుల కంటే ముందు కుక్కే చస్తుంది.

కుక్క ఒంటిమీద పిడుదులు తీస్తే చాలదు. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి దిగి సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. మన వైపు నాపబండల గోడలు, బండపరుపుల మధ్య సందులకు కొదవ లేదు. వాటిని సిమెంటుతో పూడ్చండి. కుక్క పడుకునే గోనెసంచి కాల్చేయండి. గోడలకు ఏ మందు కొట్టాలో, మళ్లీ ఎన్నాళ్లకు కొట్టాలో డాక్టరును అడిగి రాయించుకోండి. తీసిన పిడుదులను వేళ్లతో నలపకుండా కిరసనాయిలు డబ్బాలో వేయండి.