శరీరమూ అమానతే: ఎలిప్టికల్ మెషిన్‌తో వ్యాయామం

మన చేతిలోని సొమ్ము అల్లాహ్ ఇచ్చిన అమానతు అని నమ్ముతాం కాబట్టే జకాత్ లెక్క కడతాం, సదఖా ఇస్తాం. శరీరం కూడా అలాంటి అమానతే. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులతో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, ఆయన శరీరానికి కూడా ఆయనపై హక్కు ఉందని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) గుర్తు చేసినట్లు బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. పొద్దస్తమానం గల్లా ముందు, కంప్యూటర్ ముందు కూర్చునే మనకు ఈ బోధ మరింత అవసరం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. నిలబడలేని వారు కూర్చొని నమాజు చేసుకునే వెసులుబాటు ధర్మమే ఇచ్చింది. ఆ అవసరం త్వరగా రాకుండా చూసుకోవడం మాత్రం కొంతవరకు మన చేతుల్లోనే ఉంది. నడిస్తే మోకాలు నొస్తుంది, నడవకపోతే బరువు పెరుగుతుంది అనే చిక్కులో ఉన్న చాలామందికి ఎలిప్టికల్ మెషిన్ ఒక మంచి దారి.

ఈ మెషిన్ ప్రత్యేకత ఏమిటి?

దీన్ని క్రాస్ ట్రైనర్ అని కూడా అంటారు. 1995లో అమెరికాకు చెందిన ప్రికార్ సంస్థ దీన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి కాలిపై పడుతుంది. ఈ మెషిన్‌లో పాదం పెడల్‌ను వదలదు, కోడిగుడ్డు ఆకారపు బాటలో తిరుగుతుంది. అందువల్ల ఆ కుదుపు ఉండదు. చేతిపిడులు కూడా కదులుతాయి కనుక తొడలు, పిరుదులతో పాటు భుజాలు, వీపు కూడా పనిచేస్తాయి. ఇంట్లోనే చేసుకోవచ్చు కాబట్టి పర్దా పాటించే సోదరీమణులకు ఇది అనుకూలం.

మొదలుపెట్టే ముందు

గుండె జబ్బు, అధిక రక్తపోటు, మోకాలి ఆపరేషన్ ఉన్నవారు, చాలాకాలంగా వ్యాయామం లేనివారు ముందు డాక్టరును అడగాలి. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. చక్కెర పొట్లం దగ్గర ఉంచుకోవాలి. మధుమేహం ఉన్నవారు బూట్లు లేకుండా ఎక్కకూడదు. ముందూ తర్వాతా పాదాలపై పుండ్లు, బొబ్బలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆపాలి. పిల్లలను తిరిగే పెడల్స్ దగ్గరికి రానీయకూడదు.

సరైన పద్ధతి

కదలని పిడిని పట్టుకొని, కింద ఉన్న పెడల్ మీద ముందు కాలు పెట్టి ఎక్కాలి. పెడల్స్ పూర్తిగా ఆగాకే దిగాలి. నడుము నిటారుగా, చూపు ఎదురుగా ఉంచాలి. బరువంతా పిడుల మీద వేసి వాలిపోతే కాళ్ళకు పని తగ్గుతుంది. మోకాళ్ళు లోపలికి వంగకుండా పాదాల దిశలోనే ఉండాలి. రెసిస్టెన్స్ మరీ తక్కువగా పెడితే పెడల్స్ వాటంతటవే పరుగెత్తుతాయి, మరీ ఎక్కువైతే మోకాలిపై ఒత్తిడి పడుతుంది. పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాడలేనంత ఆయాసం ఉండాలి. అదే సరైన వేగం.

మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. వారానికి మూడు నిమిషాలు పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి అరగంట అవుతుంది. వారానికి ఐదు రోజులు చేస్తే 150 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన కనీస వ్యాయామం అంతే. మొదట, చివర మూడేసి నిమిషాలు నెమ్మదిగా తొక్కాలి. కండరాల బలానికి వారానికి రెండు రోజులు వేరే వ్యాయామం కూడా కావాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. సజ్దా నుంచి లేవడానికి కావలసిన తొడల బలం దానివల్ల పెరుగుతుంది.

బరువు తగ్గే లెక్క

ఇక్కడే చాలామంది నిరాశపడి మెషిన్‌ను బట్టలారేసే దండెంగా మారుస్తారు. 70 కిలోల మనిషి ఓ మోస్తరు వేగంతో అరగంట చేస్తే సుమారు 200 కాలరీలు ఖర్చవుతాయి. తెరమీద కనిపించే అంకె సాధారణంగా అంతకంటే ఎక్కువే చూపుతుంది, దాన్ని నమ్ముకోకూడదు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కాలరీలు ఉంటాయి. అంటే తిండి మార్చకుండా ఒక కిలో తగ్గాలంటే ఏడెనిమిది వారాలు పడుతుంది. వలీమాలో రెండోసారి వడ్డించుకున్న బిర్యానీ రెండు రోజుల శ్రమను మింగేస్తుంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న ప్రవక్త (సఅసం) బోధ ఆచరణలోకి వస్తేనే మెషిన్ శ్రమ ఫలిస్తుంది.

అలాగని కాటా ముల్లు కదలకపోతే లాభం లేదనుకోకూడదు. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చెన్నైలో మధుమేహం అంచున ఉన్నవారిపై చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, ఆహార నియమాలు, రోజూ వ్యాయామం పాటించిన వారికి మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి బరువులో చెప్పుకోదగ్గ మార్పు లేకుండానే ఈ మేలు జరిగింది. బరువు తగ్గితే అది అదనపు లాభం. మోకాళ్ళ అరుగుదల ఉన్న వృద్ధులపై అమెరికాలో చేసిన పరిశోధన 2005లో తేల్చిందేమిటంటే, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

రమజానులో

ఉపవాసంలో, ముఖ్యంగా ఎండాకాలంలో, మధ్యాహ్నం చెమటోడ్చడం మంచిది కాదు. ఇఫ్తార్‌లో తేలికగా తిని, తరావీహ్ తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు చేస్తే చాలు. మధుమేహ రోగులు ఉపవాసం గురించీ, మందుల వేళల గురించీ రమజానుకు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

కొద్దిగా అయినా క్రమం తప్పకుండా చేసే ఆచరణలే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హదీసు చెబుతోంది. వ్యాయామానికీ అదే సూత్రం. ఒకరోజు గంట చేసి పది రోజులు మానేయడం కంటే రోజూ పదిహేను నిమిషాలు మేలు.

దాతలకు చివరిగా ఒక విన్నపం. మీ ఇంట్లో పనిచేసే మెషిన్ వాడకం లేక మూలన పడి ఉంటే, రేపటి నుంచే ఎక్కండి. ఎక్కే ఉద్దేశం లేకపోతే దగ్గరి హాస్టలుకో, వృద్ధాశ్రమానికో ఇచ్చేయండి. ఇచ్చేముందు బోల్టులు బిగించి, పద్ధతి చూపించి, స్త్రీలకు వేరే సమయం ఉండేలా మాట్లాడి ఇవ్వండి. దానితో మరొకరు ఆరోగ్యంగా నిలబడి నమాజు చేసుకోగలిగితే, ఆ పుణ్యంలో మీకూ భాగం ఉంటుంది, ఇన్షాఅల్లాహ్.