ముల్లు చూపేది – లెక్క తేల్చేది

మహబూబాబాదు నుండి ఇల్లెందుకు పోయే దారిలో ఉన్న బయ్యారం పేరు వినగానే చరిత్ర చదివినవారికి అక్కడి చెరువు గుర్తుకు వస్తుంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దంలో దానిని నిర్మింపజేసింది. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమాన్ని తెలిపే ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. చెరువును నమ్ముకొని సేద్యం చేసే రైతుకు ఒక సంగతి అనుభవం వల్ల తెలుస్తుంది. చెరువు పైభాగం విశాలం, అడుగుభాగం ఇరుకు. నిండిన చెరువులో మట్టం జానెడు తగ్గితే పోయే నీరు ఎక్కువ. అడుగంటిన చెరువులో జానెడు తగ్గితే పోయే నీరు తక్కువ. అంటే మట్టం వేరు, పరిమాణం వేరు. కారులోని పెట్రోలు ముల్లును అర్థం చేసికొనడానికి ఈ భేదమే తొలిమెట్టు.

పెట్రోలు ట్యాంకులో ఒక బెండు తేలుతూ ఉంటుంది. పెట్రోలు తగ్గినకొద్దీ అది కిందికి దిగుతుంది. దానికి అమర్చిన కడ్డీ కదలడం వల్ల విద్యుత్ నిరోధం మారి, ఆ మార్పు ముల్లుగానో గీతలుగానో డ్రైవరుకు కనబడుతుంది. ఇది కొలిచేది మట్టాన్నే. సీటు కింది చోటుకు తగినట్లు మలచిన ట్యాంకు వంకరటింకరగా ఉంటుంది. తయారీదారులు ఈ తేడాను కొంత సవరించినా, ముల్లు అన్నిచోట్లా ఒకే వేగంతో దిగదు. ట్యాంకు నిండినప్పుడు బెండు పైకప్పును తాకి ఉంటుంది కాబట్టి, కొంత పెట్రోలు ఖర్చయిన తరువాత కూడ ముల్లు కదలకపోవచ్చు. ఎత్తుపల్లాలలో పెట్రోలు ఒకవైపుకు చేరితే ముల్లు మాటా మారుతుంది.

పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును కలిపి నడిపేది హైబ్రిడ్ కారు. 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చిన టయోటా ప్రియస్ ఈ జాతికి పేరు తెచ్చింది. ఉత్తర అమెరికాలో అమ్మిన రెండవ తరం ప్రియస్ ట్యాంకులో, పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా సాగే గుణంగల సంచిని అమర్చారు. చలికి ఆ సంచి బిగుసుకొనేది. పట్టే పెట్రోలు తగ్గేది. పాత్ర పరిమాణమే మారుతూ ఉంటే ముల్లు నిజం చెప్పడం కష్టం కదా! 2009లో వచ్చిన మూడవ తరంలో ఆ సంచిని తొలగించారు.

సాధారణ కారులో బ్రేకు వేసినప్పుడు చలనశక్తి వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్ కారులో మోటారు అందులో కొంత శక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి చేరుస్తుంది. అందువల్లనే ఆగుతూ సాగే పట్టణపు రోడ్లమీద దీని మేలు ఎక్కువగా కనబడుతుంది. అయితే కొద్దిదూరపు ప్రయాణంలో బ్యాటరీ నిండుగా మొదలై ఖాళీగా ముగిస్తే, మైలేజీ ఉన్నదానికంటె గొప్పగా కనిపిస్తుంది. 2022లో మన దేశంలో విడుదలైన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటించారు. అది పరీక్షాశాలలో నిర్ణీత పద్ధతిలో తేల్చిన సంఖ్య. మన రోడ్డు, మన బరువు, మన వేగం దానికి తెలియవు.

మరి నిజమైన మైలేజీ తెలిసేదెట్లు? బంకులో పంపు తనంతట తాను ఆగేవరకు పెట్రోలు పోయించి, దూరపు మీటరును సున్నకు తేవాలి. మరల అదే విధంగా నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. నింపడంలో ఒక లీటరు తేడా వస్తే 10 లీటర్ల లెక్కలో అది నూటికి పది తప్పు. 50 లీటర్ల లెక్కలో నూటికి రెండే. కాబట్టి మూడు నాలుగు పర్యాయాలు కలిపి లెక్కించడం ఉత్తమం. ఉదాహరణకు మూడుసార్లు వరుసగా 18, 17, 15 లీటర్లు పట్టి, మొత్తం 1,150 కిలోమీటర్లు తిరిగితే మైలేజీ 23 కిలోమీటర్లు.

ఈ లెక్క కేవలం డబ్బుకు సంబంధించినది కాదు. రాత్రివేళ రోగిని వరంగల్లుకు తరలించే కుటుంబం, తెరమీద కనిపించే ‘మిగిలిన దూరం’ అన్న అంకెను నమ్మి బయలుదేరవచ్చు. ఆ అంకె కారు అంతకుముందు నడిచిన తీరునుబట్టి వేసిన అంచనా మాత్రమే. పెట్రోలు అయిపోతే బ్యాటరీ గమ్యం చేరుస్తుందనుకోవడమూ పొరపాటే. గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీలో నిలిచేది ఒక యూనిట్టుకు లోబడిన విద్యుత్తు. అది ఇంజనుకు తోడే గాని బదులు కాదు. ముల్లు పావువంతుకు దిగకముందే పెట్రోలు పోయించుకొనడం వివేకం.

పరికరం అబద్ధం చెప్పదు. అది దేనిని కొలుస్తున్నదో తెలియక మనమే మోసపోతాము. చెరువు మట్టాన్ని చూసి నీటిని అంచనా కట్టే రైతు, ఆ చెరువు లోతును ముందే ఎరిగి ఉంటాడు. ఆ ఎరుకే చదువుకు ఫలం.

అభ్యాసం

1. మట్టానికి, పరిమాణానికి గల భేదాన్ని చెరువు ఉదాహరణతో వివరించండి.
2. హైబ్రిడ్ కారుకు పట్టణంలో మేలు ఎక్కువ కావడానికి కారణమేమి?
3. ఒక కారు 690 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట 30 లీటర్లు పట్టినది. మైలేజీ ఎంత? ఒక లీటరు తక్కువ నింపి ఉంటే లెక్క ఎట్లు మారేది?