దుంపలలోని మాంసకృత్తులు

ఒక గ్రామమున పాఠశాల భోజనమును చూడబోయినపుడు, దుంపకూర వండిన దినమున పప్పు కొలతను తగ్గించుట మేము గమనించితిమి. "దుంప బలమైనదే గదా!" యని వంటవారి సమాధానము. ఈ మాటలో నిజమెంతయో పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసి యున్నది.

మొక్క దుంపను పెంచునది మన కొరకు కాదు; మరల మొలకెత్తుటకు కావలసిన సామగ్రిని అందులో దాచుకొనును. అందు అధికభాగము నీరు, పిండి. మాంసకృత్తులు స్వల్పము. విత్తనపు దుంప మొలకెత్తిన పిమ్మట వడలిపోవుటను రైతులందరు చూచియే యుందురు. దాచిన సరకంతయు మొలకకు తరలిపోవుటయే అందుకు కారణము.

ఈ నిలువ మాంసకృత్తులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిరి. బంగాళాదుంపలోనిది పటాటిన్, పెండలములోనిది డయోస్కోరిన్, చిలగడదుంపలోనిది స్పోరామిన్. ఈ స్పోరామిన్ నిలువ సరకే కాక కాపలాదారు కూడ. మాంసకృత్తులను జీర్ణముచేయు ట్రిప్సిన్‌ను అది అడ్డగించును. పచ్చిదుంపను తొలిచిన పురుగునకు తిన్నది ఒంటబట్టదు. పొలములో పిల్లలు సరదాకు ఒక ముక్క కొరికిన ముప్పులేదు గాని, కడుపు నింపుకొనుటకు దుంపను బాగుగా ఉడికింపవలెను. అప్పుడు ఆ అడ్డు చాలవరకు తగ్గును.

నాణ్యమున బంగాళాదుంపకు మంచిపేరే కలదు. బియ్యములో కొరవడిన లైసిన్ ఇందు బాగుగా నున్నది. చిక్కు పరిమాణములోనే. 100 గ్రాముల పచ్చి బంగాళాదుంపలో మాంసకృత్తులు సుమారు 2 గ్రాములు, చిలగడదుంపలో ఒకటిన్నర, కర్రపెండలములో 1 గ్రాము. అంతే తూకము కందిపప్పులో సుమారు 22 గ్రాములు. 50 గ్రాముల పప్పునకు సాటిరావలెనన్న అరకిలోకు పైగా బంగాళాదుంప, కిలోకు పైగా కర్రపెండలము కావలెను. అయిదేండ్ల బిడ్డ కడుపులో అంత పట్టునా?

సగ్గుబియ్యపు సంగతి మరియు చూడదగినది. తూర్పుగోదావరి ప్రాంతమున కర్రపెండలమును పండించి సగ్గుబియ్యము చేయుదురు. దుంపను నలిపి, పాలను తేర్చి, పిండిని కడుగునపుడు ఆ కాస్త మాంసకృత్తులును దాదాపు నీటితోనే పోవును. జబ్బుపడి లేచిన బిడ్డకు సగ్గుజావ బలమని దినముల తరబడి ఇచ్చుట మన ఇండ్లలో అలవాటు. అది తేలికగా అరుగును, శక్తి నిచ్చును. కండను మాత్రము పెంచదు. పాలతో కాచి ఇచ్చిన కొంత మేలు.

కావున బడిలో గాని అంగన్‌వాడీలో గాని వంటను చూడబోవు సభ్యులు, దుంపకూర దినమున పప్పును తూచి వేసిరా యని అడుగవలెను. కూర ఏదైనను పప్పు కొలత తగ్గరాదు.