ఏకాంతమున చెప్పిన మాట



ఒకని తప్పును పదిమందిలో చెప్పుట సులభము. అయితే ఆ మనుష్యునినే మరునాడు పదిమందికి ముందు నడువుమని కోరినప్పుడు, మన మాట వలన కలిగిన నష్టము బయటపడును. ఈ సంగతిని అమెరికా దేశపు ఆటగాడైన బార్ట్ స్టార్ జీవితమునుండి ఈ నెల నేర్చుకొందము.

మొదట ఆ ఆటను గూర్చి కొంచెము చెప్పుదుము. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. రెండు కొనలు సన్నగానున్న బంతిని చేతపట్టి పరుగెత్తుదురు, విసరుదురు. జట్టునకు 11 మంది. నాలుగు ప్రయత్నములలో బంతిని 10 గజములైనను ముందుకు కొనిపోవలెను. లేనియెడల అది ఎదుటివారి వశమగును. ప్రతి ప్రయత్నమునకు ముందు అందరు గుమిగూడగా, ఏమి చేయవలెనో చెప్పి, బంతిని మొదట చేతికి తీసికొనువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. అతని మాటయందు తక్కిన పదిమందికి నమ్మకము లేనియెడల ఆట సాగదు.

బార్ట్ స్టార్ 1934లో అలబామా రాష్ట్రములోని మాంట్‌గొమరీ పట్టణమందు జన్మించెను. 1955లో అతడు చదివిన అలబామా విశ్వవిద్యాలయపు జట్టు ఆడిన 10 ఆటలలో ఒక్కటియు గెలువలేదు. 1956లో గ్రీన్ బే ప్యాకర్స్ అను జట్టు అతనిని ఎన్నుకొనెను గాని, ఆ సంవత్సరపు ఎంపికలో అతనికంటె ముందు 199 మంది పేర్లు పిలువబడెను. మొదటి సంవత్సరములలో అతనియందు విశేషమేమియు కనబడలేదు.

1959లో విన్స్ లొంబార్డి ఆ జట్టునకు శిక్షకుడుగా వచ్చెను. అతడు కఠినుడు, గొంతెత్తి గద్దించువాడు. ఒకనాడు అభ్యాసములో స్టార్ విసరిన బంతి ఎదుటివారికి చిక్కగా, లొంబార్డి అందరియెదుట అతనిని తీవ్రముగా మందలించెను. స్టార్ అక్కడ ఎదురాడలేదు. తరువాత శిక్షకుని గదికి వెళ్లి తన మనవి చెప్పుకొనెను. ఎంత గద్దించినను తాను సహింతుననియు, అయితే అది ఈ గదిలోనే జరుగవలెననియు, జట్టును నడిపింపవలసినవానిని జట్టు ఎదుట చిన్నబుచ్చుట తగదనియు మర్యాదగా తెలిపెను. లొంబార్డి ఆ మాట అంగీకరించెను. అటుపిమ్మట అతనిని అందరిలో అట్లు గద్దింపలేదు.

ఇక్కడ ఇద్దరిని గమనింపుడి. చిన్నవాడు తన కోపమును వీధిలో వెళ్లగ్రక్కక, అడుగవలసిన చోట అడిగెను. పెద్దవాడు తన పెద్దరికము తగ్గునని తలంపక, న్యాయమైన మాటను విని తన వాడుక మార్చుకొనెను. ఈ రెండింటిలో ఏది లోపించినను ఫలము వేరుగా నుండెడిది.

1960లో ఆ జట్టు చివరి పోటీలో ఫిలడెల్ఫియావారి చేతిలో ఓడెను. తరువాత 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరములలో ఐదుమారులు జాతీయ విజేతగా నిలిచెను. సూపర్ బౌల్ అను మహా పోటీలు మొదటి రెండింటిలోను ఉత్తమ ఆటగాడు స్టారే.

ఆ నమ్మకము ఎంతటిదో 1967 డిసెంబరు 31న కనబడెను. గ్రీన్ బేలో డాలస్ జట్టుతో ఆట. ఆ దినమున చలి సున్నకు దిగువ 25 సెంటీగ్రేడు డిగ్రీలు. ఈలలు గడ్డకట్టి మ్రోగలేదు. 16 క్షణములు మాత్రమే మిగిలియున్నవి. గ్రీన్ బేవారు మూడు అంకెలు వెనుకబడియున్నారు, గమ్యము గజము లోపలనే యున్నది, నేల మంచుగడ్డయై కాలు నిలువకున్నది. స్టార్ శిక్షకునియొద్దకు వెళ్లి, బంతిని తానే పట్టుకొని దూరెదనని చెప్పగా, లొంబార్డి మారుమాట లేక సమ్మతించెను. అది తప్పినయెడల మరియొక ప్రయత్నమునకు కాలముండుట కష్టమే. స్టార్ తోటివారి వెనుకనే దూరి గీత దాటెను. ఆట 21–17గా ముగిసెను. ఒకనాడు అందరియెదుట గద్దించినవాడే ఇప్పుడు ఆ సంవత్సరపు ప్రయాసమంతయు అతని మాటమీద ఉంచెను.

అతని జీవితమంతయు విజయము కాదు. 1975 నుండి 1983 వరకు అదే జట్టునకు శిక్షకుడై 52 ఆటలు గెలిచి, 76 ఓడి, తొలగింపబడెను. 1988లో అతని చిన్న కుమారుడు మత్తు పదార్థముల వలన మరణించెను. ఇతరుల బిడ్డలను ఆదరించిన ఇంటికే ఆ దుఃఖము వచ్చెను. ఏలయనగా స్టారును అతని భార్యయు విస్కాన్సిన్‌లో త్రోవ తప్పిన బాలురకొరకైన రాహైడ్ ఆశ్రమమునకు మొదటినుండి తోడ్పడినవారు. రెండవ సూపర్ బౌల్‌లో బహుమానముగా వచ్చిన కారును కూడ అతడు ఆ పనికే ఇచ్చివేసెను.

2014లో అతనికి పక్షవాతము వచ్చెను. మరుసటి సంవత్సరము అతడు పాత మైదానమునకు రాగా, జనులు గొప్పగా స్వాగతించిరి. అతని ఓటములు వారికి తెలియనివి కావు; అయినను వారి మనస్సులో అతడు చిన్నబోలేదు. 2019 మే 26న, 85వ యేట, అతడు మరణించెను.

మన ఇండ్లలో ఎదిగిన కుమారుని చుట్టముల యెదుట తిట్టి, వాడు బాధ్యత తెలియనివాడని వాపోవుచుందుము. మన సంఘములలో యౌవనుని తప్పును సభలో చెప్పి, తరువాత వాడు ముందుకు రాలేదని అడుగుచుందుము. తప్పును దాచిపెట్టుమని మేము చెప్పుట లేదు. గద్దింపు వలదని స్టార్ కోరలేదు. దానికి తగిన చోటు కోరెను. మత్తయి 18వ అధ్యాయము 15వ వచనము తెరచి చదువుడి.

ఆలోచించుటకు: ఈ నెలలో మనము పదిమందిలో చిన్నబుచ్చినవారెవరు? మన గదికి వచ్చి న్యాయము చెప్పువానిని మనము విందుమా? ఎవరి తప్పునైనను చెప్పవలసియుండినయెడల, నేటి సాయంకాలము వారి యింటికి ఒంటరిగా వెళ్లుదము.